ఇరవై మూడో నంబరు ఫొటో

స్నేహలత భూతద్దం పట్టుకుని గోడకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి నిలబడితే, హాల్లో ఉన్న నలుగురైదుగురు సందర్శకులు ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ. రేపు పొద్దున పదకొండింటికి ముత్తన్న బెయిలు పిటిషన్ కోర్టులో విచారణకు వస్తుంది. ఈలోపు ఈ ఇరవై మూడో నంబరు ఫొటో అబద్ధమని తేల్చలేకపోతే ఆ మనిషి ఇంకెన్నాళ్ళు జైల్లో మగ్గుతాడో ఎవరూ చెప్పలేరు. నవ్వే వాళ్ళ సంగతి ఆమెకెందుకు?

గుమ్మం దగ్గర పెద్ద బ్యానర్ కట్టారు. 'ఆకాశం నుంచి బోధన్: భానుప్రసాద్ ఛాయాచిత్ర ప్రదర్శన.' ఒకప్పుడు రాజధానిగా వెలిగిన ఊరిని డ్రోన్‌తో పైనుంచి తీసిన ముప్పై ఆరు ఫొటోలు నిజామాబాద్‌లోని ఆ హాలు గోడల నిండా ఉన్నాయి. పాత మట్టికోట కట్ట, చెరువులు, సందులు, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం, అన్నీ ఉన్నాయి. నేల మీద నడిచేవాడికి మట్టిదిబ్బగా తోచే కోటకట్ట పైనుంచి చూస్తే గుండ్రంగా, నిండుగా కనిపిస్తుంది. అందంగా ఉన్నాయి, కాదనడానికి లేదు. స్నేహలతకు ఒళ్ళు మండింది కూడా అందుకే.

కేసు చూస్తే చాలా చిన్నది. ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం, ఉదయం ఎనిమిదీ నలభై. నిజామాబాద్‌లో భానుప్రసాద్ స్టూడియో ఉన్న మూడంతస్తుల బిల్డింగ్ డాబా మీంచి ప్రశాంత్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు కింద పడి చచ్చిపోయాడు. భానుప్రసాద్ దగ్గర డ్రోన్ ఎగరేసేవాడు వాడే. జనం పైకి పరుగెత్తేసరికి డాబా మీద ఉన్నది ఒక్క వాచ్‌మన్ ముత్తన్న. ముందురోజే బండి పార్కింగ్ దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. సీఐ మధుకర్‌కు అంతే చాలు. సాయంత్రానికి కేసు కట్టేశాడు. ముత్తన్న చేశానని ఒప్పుకోలేదు, చేయలేదని మొత్తుకోలేదు. నెల రోజులుగా నోరే విప్పలేదు.

బిల్డింగ్ ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఆయన మాత్రం ఒక మాట చెప్పాడు. ఆ పొద్దున ఎనిమిదింటికి భానుప్రసాద్ కారు బిల్డింగ్ కిందే ఉందని. ముత్తన్న తరఫున ఆరా తీస్తున్న స్నేహలత ఆ మాట పట్టుకునే ఇంతదాకా వచ్చింది. అప్పుడు తాను బోధన్‌లో ఉన్నానంటాడు భానుప్రసాద్. సాక్ష్యం ఏమిటయ్యా అంటే ఇదిగో, ఈ ఇరవై మూడో నంబరు. కింద చిన్న అక్షరాల్లో అచ్చు వేయించాడు: ఫిబ్రవరి 17, ఉదయం 8.35.

"మేడమ్, ఇంకా అయిపోలేదా?" వెనక నుంచి భానుప్రసాద్ గొంతు. నలభై అయిదేళ్ళ మనిషి, ఖద్దరు లాల్చీ, నెరిసిన గడ్డం.

"అయిపోతే పోత గద. మీ టైమింగులు ఇంకొక్కసారి చెప్పుండ్రి."

"ఎన్నిసార్లు చెప్పాలె? ఏడుంబావుకు ఇంటి నుంచి బయలెల్లిన. ఎనిమిది కొట్టేసరికి బోధన్ల ఉన్న. ఎనిమిదింబావుకు డ్రోన్ లేపిన. ఎనిమిదీ ముప్పై అయిదుకు ఈ ఫొటో తీసిన."

"చాయ్ హోటలాయన మీ కారును చూసిండట."

"రోజూ చూస్తడు నా కారును. ఏ రోజు చూసిండో ఆయనకేం యాదికుంటది?"

"ఫోన్ ఎందుకు బందు పెట్టిండ్రు?"

"బందు కాదు, ఫ్లైట్ మోడ్. డ్రోన్ రిమోట్‌కు తగిలించేది ఫోనే. నడుమ కాల్ వస్తే వీడియో ఆగుతది."

"పదకొండు దాకా?"

"పదకొండు దాకా."

బట్టీ పట్టినట్టు జవాబులన్నీ తయారుగా ఉన్నాయి. స్నేహలత పళ్ళు కొరుక్కుంది. పదకొండేళ్ళు ఎస్సైగా చేసిన మనిషి ఆమె. అబద్ధం వాసన తెలుస్తుంది. కానీ కోర్టుకు వాసన పట్టుకుపోలేం కదా. పొగగొట్టం నీడ కొలిచింది, రిటైరైన సర్వేయరు ఒకాయనతో లెక్క వేయించింది. ఫిబ్రవరి మధ్యలో ఎనిమిదిన్నర, అయిదు నిమిషాలు అటూ ఇటూ. సమయం సరిపోయింది. కాకపోతే నీడ చూస్తే గంట తెలుస్తుంది గానీ పదహారో తారీఖా పదిహేడా అన్నది తెలియదు. ఫైలులో తారీఖు మార్చడం ఈ రోజుల్లో ఎవరికైనా చేతనవును, మార్చారని రుజువు చేయడమే కష్టం.

"మీ పని అయ్యేట్టు లేదు గని, నేను సీఐ గారికి ఫోన్ చేసిన. వస్తున్నడు," అన్నాడు భానుప్రసాద్ చల్లగా.

"రానీయుండ్రి. ఆయనతోని నాకూ పనున్నది."

ఇదంతా జరుగుతున్నంతసేపూ ముత్తన్న భార్య లింగవ్వ గోడవారన చేతులు కట్టుకుని నిలబడే ఉంది. ముత్తన్న తరఫు వకీలును కలవడానికి పొద్దుటి బస్సుకు వేల్పూర్ నుంచి వచ్చింది. యాభై దాటిన మనిషి, పసుపు తవ్వకాలకు కూలికి పోతుంది. ఆ వేళ్ళ సందుల్లో పసుపు ఎన్నిసార్లు కడిగినా పోదు. ఇంత చల్లటి హాల్లోకి రావడం ఆమెకు ఇదే మొదలు. చెప్పులు బయట విడిచి వచ్చింది.

"అవ్వా, కూసోరాదు," అంది స్నేహలత.

"కూసుంట గని, గీ ఫొటువల గంత ఏమున్నది బిడ్డా? నెల సంది దీని చుట్టే తిరుగుతున్నవు."

"నువ్వే చూడు."

లింగవ్వ దగ్గరికొచ్చింది. ముందు ఏమీ అర్థం కాలేదు. పైనుంచి చూసిన ఊరు ఆమె ఎప్పుడూ చూడలేదు మరి. స్నేహలత వేలు పెట్టి చూపించింది, ఇది కోటకట్ట, ఇది చెరువు, ఇది ఫ్యాక్టరీ, ఈ పచ్చదంతా చెరుకు. చెరుకు అనగానే లింగవ్వ ముఖం మారింది. పెళ్ళైన కొత్తలో నాలుగేళ్ళు ఆ చెరుకు నరికిన మనిషే ఆమె. తల పక్కకు వంచి, కళ్ళు చికిలించి, ఫొటో ఎడమ మూలన ఉన్న బండ్ల బాటను చూసింది. భూతద్దం అడిగి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"బిడ్డా, ఈ ఫొటువ ఎన్నడు తీసిండ్రన్నరు?"

"ఫిబ్రవరి పదిహేడు. ప్రశాంత్ చచ్చిన దినమే."

"థూ, ఎవ్వలు చెప్పిండ్రు గా మాట? ఆ దినం అమాస. శివరాత్రి జాగారం అయినంక వచ్చిన అమాస. నాకు మంచిగ యాదికున్నది. అమాస గావట్టే పసుపు తవ్వుడు బందు పెట్టిండ్రు, నేను ఇంటికాడ ఉన్న, గప్పుడే ఫోన్ అచ్చింది మా ఇంటాయనను పట్కపోయిండ్రని."

"అయితే?"

"అయితే ఏంది? సూడు. గివి చెరుకు కొట్టనీకి అచ్చే మరాఠోళ్ళ బండ్లు. చెరుకు ఏసుకొని పోతున్నయి. ఎడ్లు కట్టిండ్రు. అమాస నాడు ఎడ్ల మెడ మీద కాడి పెడ్తరా ఎవ్వలన్న? మనోళ్ళే పెట్టరు, మరాఠోళ్ళు అస్సలే పెట్టరు. ఒక్కనాడు పెట్టంగ సూడలే నేను. ఆ దినం ఎడ్లను కడుగుతరు, మేపుతరు, పండుకోవెడ్తరు."

స్నేహలత భూతద్దం లాక్కుంది. బాట మీద నాలుగు బండ్లు, ఒక్కోదానికి జత ఎడ్లు. నిలబెట్టిన బండ్లు కావు, వెనక దుమ్ము లేస్తోంది. ఒక బండి పక్కన తలపాగా చుట్టుకున్న మనిషి చేయెత్తి అదిలిస్తున్నాడు. నెల రోజులు! నెల రోజులు పొగగొట్టం నీడ కొలుస్తూ కూర్చుందే గానీ, పక్కనే ఉన్న ఎడ్లను చూడలేదు. క్యాలెండర్‌లో పదిహేడో తారీఖు గడిలో నల్లటి చుక్క ఉన్న సంగతి తట్టనేలేదు. తన తల తనే బాదుకోవాలనిపించింది ఆమెకు.

ఫోన్‌లో పంచాంగం తీసి చూసింది. పదిహేడు, మంగళవారం, అమావాస్య. లింగవ్వ భుజం మీద చేయి వేసింది. "అవ్వా, నీ మొగడు ఇంటికొస్తడే."

లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భానుప్రసాద్ ఆ మాటలన్నీ విన్నాడు.  రెండడుగులు ముందుకు వేసి గొంతు తగ్గించాడు. "ఇగో అవ్వా, నీ మంచికే చెప్తున్న. ఈ ముచ్చట ఇక్కడనే ఇడిచిపెట్టు. ఇంటికి పో."

"బెదిరిస్తున్నరా?" స్నేహలత మీదికి వచ్చింది.

"బెదిరించుడు కాదు మేడమ్. మీకు తెల్వది. ఇడిచిపెట్టుండ్రి."

"ఇడిచిపెట్టేదే లేదు."

అప్పుడే అద్దాల తలుపు తోసుకుని మధుకర్ వచ్చాడు. వెనక ఒక కానిస్టేబుల్. స్నేహలతా అతనూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరారు. లాకప్‌లో దెబ్బలు తిన్నవాడి వాంగ్మూలం మార్చి రాయమంటే రాయనన్నది స్నేహలత. రాశాడు మధుకర్. ఆమె ఉద్యోగం పోయింది, అతను సీఐ అయ్యాడు. ఇప్పుడామె గంజ్ మార్కెట్లో పసుపు దుకాణం పైన ఒక గది తీసుకుని, ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకుని బతుకుతోంది. ఆ బోర్డు చూసినప్పుడల్లా అతను నవ్వుతాడని ఆమెకు తెలుసు.

"ఏం మేడమ్, ఫొటోల మీద పడ్డరు? దొంగలు దొరుకుతలేరా గంజ్‌ల?"

"దొరికిండు సీఐ గారూ. మీరు కండ్లు మూసుకొని సలాం కొట్టిన సాక్ష్యం దొంగది." ఎడ్ల సంగతి, అమావాస్య సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది.

మధుకర్ పెద్దగా నవ్వాడు. "జడ్జి ముందట పంచాంగం చదువుతవా? అమాస అని ఎడ్లు సెలవు పెట్టినయా?"

"చదువుత. చదివి ఊరుకోను. ఆ మరాఠోళ్ళ గుంపు మేస్త్రి ఇంకా బోధన్ పక్కన గుడిసెలల్లనే ఉన్నడు. తెల్లారేసరికి కోర్టుకు తీసుకొస్త. చెరుకు పోయే పక్కూరి ప్రైవేటు ఫ్యాక్టరీ తూకం గేటు కాడ పదిహేడో తారీఖు ఒక్క ఎడ్లబండి రాలేదని కాగితం తెస్త. అప్పుడు జడ్జి అడుగుతడు, సీఐ గారూ, ఈ ఫొటో మీరు ఒక్కసారన్న సరిగ్గ చూసిండ్రా అని. ఏం చెప్తవు మధుకర్? నెల సంది మొత్తుకుంటున్న, చూడు, కండ్లు తెరిచి చూడు అని. నీకేమో వాచ్‌మన్ దొరికిండు. పేదోడు దొరికితే నీకు పండుగనే గద."

"మాటలు మంచిగ రానీ."

"నిజం చెప్తే చెడ్డ మాటనా?"

కానిస్టేబుల్ కిందికి చూశాడు. సందర్శకులు మెల్లగా జారుకున్నారు. మధుకర్ ముఖం నల్లబడింది. ఆమె మాట నచ్చక కాదు, ఆ తూకం కాగితం నిజంగానే వస్తుందని అతనికి అర్థమైంది. నెమ్మదిగా భానుప్రసాద్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఏంది కథ? పదిహేడు తారీఖు బోధన్ల ఉన్నవా, లేవా?"

భానుప్రసాద్ పక్కనున్న కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"లేడు," అంది స్నేహలత. "బిల్డింగ్లనే ఉన్నడు. అడుగు, ప్రశాంత్‌ను ఎందుకు తోసిండో."

ఆ మాటతో భానుప్రసాద్ ఒక్కసారిగా అరిచాడు. "నేను తోయలే! నేను ఎందుకు తోస్త వాణ్ణి? ఈ ఫొటోలల్ల సగం వాడు తీసినయే! ఇది గూడ వాడే తీసిండు, పన్నెండో తారీఖు. మీకు చెప్పిన గద మేడమ్, ఇడిచిపెట్టుండ్రని. వినకపోతిరి." కుర్చీలో కూలబడ్డాడు. "ఎనిమిదింటికి స్టూడియోల ఉన్న. నిజమే. డాబా మీద లొల్లి వినవడ్డది. మెట్లెక్కిన. సగం మెట్ల కాడ ఒక పిల్ల ఎదురొచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, చున్నీ లేదు, వణుకుతున్నది. 'సార్, డిలీట్ చెయ్యమంటే చేస్తలేడు సార్, మీదికొచ్చిండు, నూకిన' అన్నది."

"ఏ పిల్ల?" మధుకర్ అడిగాడు.

భానుప్రసాద్ లింగవ్వ వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఇంక చెప్పేదేముంది?

శైలజ. ముత్తన్న, లింగవ్వల కూతురు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, డిగ్రీ చదువుకోవడానికి తండ్రి దగ్గర ఆ వాచ్‌మన్ గదిలోనే ఉండేది. ఆయన జైలుకు పోయాక వేల్పూర్‌లో ఇంటికి వెళ్ళిపోయింది. స్నేహలత ఒక్కసారి మాట్లాడింది ఆ పిల్లతో. ఆ పొద్దున కాలేజీకి పోయిన అంది, తల ఎత్తకుండా. తండ్రి జైలుకు పోయిన బాధ అనుకుంది స్నేహలత. నమ్మేసింది. మరో ప్రశ్న వేయనేలేదు. ఎంత తెలివితక్కువతనం!

"ఏం డిలీట్ చెయ్యమన్నది?" అడిగింది స్నేహలత.

"వాచ్‌మన్ గది ఎనక రేకుల చాటు ఉంటది గద, స్నానాలకు. దానికి కప్పు లేదు. ప్రశాంత్ గాడు పైనుంచి డ్రోన్‌తోని తీసిండు. తీసి, ఆ పిల్లకు చూపెట్టి, సతాయించుడు మొదలువెట్టిండు."

"నీకెప్పుడు తెలిసింది?"

"జనవరిల."

"జనవరిల తెలిసి?"

"ఎగ్జిబిషన్ పని సగంల ఉండె మేడమ్. డ్రోన్ వాడొక్కడే మంచిగ ఎగరేస్తడు. అయిపోయినంక చెప్తా అనుకున్న."

స్నేహలత చెయ్యి లేచింది. కానిస్టేబుల్ అడ్డం రాకపోతే ఆ గడ్డం మీద పడేదే. చుట్టూ ముప్పై ఆరు ఫొటోలు, కోటకట్టలు, చెరువులు, సందులు. వీటి కోసం ఒక ఆడపిల్ల రెండు నెలలు ఎవరికీ చెప్పుకోలేక చచ్చిపోతూ బతికింది. 

"వీడియో కార్డు ఏది? అది ఉంటే ఆ పిల్ల మానం కాపాడుకోను చేసిందని రుజువైతది. ఏది?"

"బోధన్ అవతల మంజీర నదిల పడేసిన. అదే రోజు, పదకొండు దాటినంక. బోధన్ పోయిన మాట అంత మట్టుకు నిజమే. నా డ్రోన్‌తోని తీసిండని తెలిస్తే నా పేరు ఏం గావాలె?" భానుప్రసాద్ కళ్ళు తుడుచుకున్నాడు. తన కోసమే తుడుచుకున్నాడు. "ముత్తన్న పైకి వచ్చి, బిడ్డకు తన తువ్వాల కప్పి, ఎనక మెట్లకెళ్ళి పంపించిండు. నువ్వు ఏం సూడలే సార్, నేనూ ఏం సూడలే అన్నడు. నేను సరే అన్న, జనం రాకముందే ఎనక మెట్లకెళ్ళే దిగి కారేసుకొని పోయిన."

 లింగవ్వ స్నేహలత చేతిలోంచి భూతద్దం తీసుకుంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. తర్వాత మధుకర్ దగ్గరికి నడిచి, రెండు చేతులూ జోడించింది.

"సారూ, నేను తప్పు సెప్పిన. నాకు కండ్లు మంచిగ కనవడవు. అవి ఎడ్లు గావు. ట్రాక్టర్లు గావొచ్చు. పెద్దదాన్ని గద, మతి ఉంటలేదు. గా అమాస గూడ ఆ దినం గాదు, మర్నాడేమో. రాసుకోకు సారూ. మా ఇంటాయననే ఉంచుకోండ్రి. ఉంటడాయన. ఏమనడు."

స్నేహలత ఇద్దరి మధ్యకు వచ్చింది. "మధుకర్, రాతకోతలు తర్వాత. ముందు నేను ఆ పిల్లతోని మాట్లాడుత. ఒక్క రోజు టైమియ్యి. ఒక్క పూట."

మధుకర్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. భూతద్దం అందుకుని, ఇరవై మూడో నంబరు ముందు వంగాడు. తీరిగ్గా, ఓపిగ్గా, ఎడమ మూల నుంచి మొదలుపెట్టి చూశాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు.

"నాలుగు బండ్లు. ఎనిమిది ఎడ్లు," అన్నాడు నిటారుగా నిలబడుతూ. కానిస్టేబుల్‌కు చెయ్యి ఊపాడు. "వేల్పూర్ స్టేషన్‌కు ఫోన్ కొట్టు. ముత్తన్న బిడ్డ శైలజ. ఇంటికాడ ఉంటది. లేడీ కానిస్టేబుల్‌ను వెంటవెట్టుకొని ఇప్పుడే పొమ్మను, తప్పిపోనియ్యొద్దని చెప్పు." తర్వాత స్నేహలత వైపు తిరిగాడు. ముఖంలో గెలిచిన కళ కూడా లేదు. "నెల సంది చూడు చూడు అంటివి గద మేడమ్. చూసిన."

పదకొండూ యాభై. వేల్పూర్ స్టేషన్ నుంచి లింగవ్వ ఇంటికి పది నిమిషాలు కూడా పట్టదు. స్నేహలత లింగవ్వ చేయి పట్టుకోబోయింది. లింగవ్వ చేయి వెనక్కి తీసుకుంది.

అంతలో లింగవ్వ బొడ్లో దోపుకున్న చిన్న సంచిలో ఫోన్ మోగింది. ఆమె తడబడుతూ తీసి బటన్ నొక్కింది. పాత ఫోన్, అవతల శైలజ గొంతు అందరికీ వినిపిస్తుంది.

"అవ్వా, ఏమన్నరే? బాపు రేపు ఇంటికస్తడా?"

లింగవ్వ గోడ వైపు తిరిగింది. కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడి వేల్పూర్‌తో మాట్లాడుతున్నాడు, ఇంటి గుర్తులు చెబుతున్నాడు.

"అస్తడు బిడ్డా," అంది లింగవ్వ. "నువ్వైతే ఇంత బువ్వ తిను. గిప్పుడే తిను, జల్ది తిను."